కణంలోకి మందు మోసే కొమ్మల పాలిమర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఎం.ఫార్మ్‌లో నా ప్రాజెక్టు ఈ కొమ్మల పాలిమర్లలో ఒక రకమైన డెండ్రిమర్ల మీద. ఈ సంగతి బయటపడ్డ ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. పెళ్లిళ్లలో చుట్టాలు, పోలేపల్లి సెజ్‌లో షిఫ్టులు చేసే పాత స్టూడెంట్లు, వైవాకు ముందురోజు రాత్రి టెన్షన్‌తో ఫోన్ చేసే పిల్లలు. ఆ ప్రశ్నలే ఇవి. కొన్నిటికి జవాబు రెండు మాటల్లో అయిపోయింది, కొన్నిటికి కాలేదు.

కొమ్మల పాలిమర్ అంటే ఏంది?

చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకుంటూ పోతే పాలిమర్. పాలిథీన్ సంచి పాలిమరే, నైలాన్ తాడు పాలిమరే, గంజిలో ఉన్న పిండిపదార్థమూ పాలిమరే. మామూలు పాలిమర్ తాడులా పొడుగ్గా సాగుతుంది. కొమ్మల పాలిమర్ చెట్టులా చీలుతుంది. నడుమ ఒక మొదలు ఉంటుంది. దాని నుంచి కొమ్మలు, ప్రతి కొమ్మ కొసన మళ్లీ రెండు కొమ్మలు. ఈ చీలిక ఎక్కడా లెక్క తప్పకుండా జరిగితే దాన్ని డెండ్రిమర్ అంటారు. గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టు. కాకపోతే దీనికి కొమ్మలు అన్ని దిక్కులకూ పోతాయి కాబట్టి చివరికి బంతి ఆకారం వస్తుంది. బత్తాయి తోటలో గుబురుగా పెరిగిన చెట్టు తలను ఊహించుకోండి, చాలు.

ఎక్కువగా వాడేది పామామ్ అనే రకం. కొమ్మలు ఒక్కో వరుస చీలినప్పుడల్లా ఒక్కో తరం పెరిగిందంటారు. దాని సున్నా తరంలో 4 కొసలు ఉంటాయి. ఒకటో తరంలో 8, రెండో తరంలో 16, ఆ తర్వాత 32, 64. ఐదో తరానికి వచ్చేసరికి 128 కొసలు. చదరంగం గళ్లలో వడ్లగింజలు పెట్టిన కథ గుర్తొస్తుందా? అదే లెక్క. అన్ని కొసలున్నా ఐదో తరం బంతి అడ్డంగా 5.4 నానోమీటర్లే. మన నెత్తుటిలో ఉండే హీమోగ్లోబిన్ కూడా దాదాపు అంతే ఉంటుంది. అంటే ఒళ్లు రోజూ చూసే సైజే, కొత్తేమీ కాదు.

మందు ఉండగా, దాన్ని మోసే బండి ఎందుకు?

మహబూబ్‌నగర్ వాళ్లకు ఈ జవాబు నేను చెప్పక్కర్లేదు, పిల్లలమర్రి చెప్తుంది. దాదాపు 700 ఏళ్ల మర్రి, మూడెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు. దానికి చెదలు పట్టి కొమ్మలు విరగడం మొదలయ్యాక 2017 చివర్లో జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. చెదలకు మందు లేక కాదు. క్లోరోపైరిఫాస్ ఏ ఎరువుల దుకాణంలోనైనా దొరికేది. ముందు కాండానికి రంధ్రాలు పెట్టి అందులోకి ఎక్కించి చూశారు. ఎక్కించింది ఎక్కించినట్టే బయటికి కారిపోయింది. అప్పుడు 2018లో ఎవరికో సెలైన్ సీసాల ఆలోచన వచ్చింది. ఆస్పత్రిలో మనిషికి వేలాడదీసినట్టు కొమ్మలకు వందల సీసాలు వేలాడదీసి, నీళ్లు కలిపిన మందును చుక్క చుక్కగా లోపలికి పంపారు. అది పట్టింది. మందు మారలేదు, పంపిన దారి మారింది.

మనిషి ఒంట్లోనూ ఇదే తంటా. కీమో మందు నరంలోకి ఎక్కిస్తే గడ్డకు పోయేది కొంచెమే. మిగతాది వెంట్రుకల కుదుళ్లకు, పేగులకు, ఎముక మజ్జకు పోయి అక్కడ నష్టం చేస్తుంది. కొన్ని మందులు నీళ్లలో కరగనే కరగవు. కొన్ని కరుగుతాయి గానీ కణం పొర దాటలేవు. జన్యువుల ముక్కల్లాంటివి నెత్తుటిలోకి పోగానే ఎంజైములు కొరికేస్తాయి. ఈ నాలుగు ఇబ్బందులకూ ఒక బండి కావాలి. డెండ్రిమర్ ఆ బండ్లలో ఒకటి.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

కొమ్మలు కొమ్మలుగా అంచెలంచెలుగా కట్టే పద్ధతిని 1978లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫోగ్ట్‌లే బృందం చూపించింది. అమెరికాలో డౌ కెమికల్ కంపెనీలో పనిచేసిన డోనాల్డ్ టొమాలియా 1979 ప్రాంతంలో పామామ్ తయారు చేసి, 1985లో ప్రచురించాడు. డెండ్రిమర్ అనే పేరు ఆయనదే. అదే ఏడాది జార్జ్ న్యూకమ్ ఇలాంటివే చేసి లాటిన్‌లో చెట్టును పట్టుకుని ఆర్బొరాల్ అన్నాడు. ఆ పేరు నిలబడలేదు.

తయారు చేయడం ఎట్ల? మా కాలేజీ ల్యాబ్‌లో అయితదా?

అవుతుంది, ఓపిక ఉంటే. పనిలో ఉన్నవి రెండే రియాక్షన్లు. వాటినే మార్చి మార్చి చేయాలి. ముందు ఇథిలీన్‌డయమీన్‌ను మెథనాల్‌లో కలిపి, ఐసు మీద పెట్టి, మిథైల్ అక్రిలేట్‌లోకి చుక్కలుగా వదలాలి. మిథైల్ అక్రిలేట్ వాసన ఒకసారి పీలిస్తే జన్మలో మర్చిపోరు, ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కుతుంది. ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ పనిచేయకపోతే ఈ పని ముట్టుకోవద్దు. రెండు రోజులు తిప్పాక మిగిలినదాన్ని ఆవిరి చేసి తీసేస్తే సగం తరం వస్తుంది, కొసల్లో ఎస్టర్లు అనే రసాయన గుంపులు ఉంటాయి. దానికి ఇథిలీన్‌డయమీన్ చాలా ఎక్కువ మోతాదులో కలిపి మళ్లీ రోజుల తరబడి తిప్పితే ఎస్టర్ల స్థానంలో అమీన్లు (నైట్రోజన్ ఉన్న గుంపులు) వచ్చి పూర్తి తరం తయారవుతుంది. తేనె రంగులో జిగటగా, గరిటె నుంచి తీగ సాగేలా ఉంటుంది.

అసలు కష్టం కలపడంలో లేదు, తీసేయడంలో ఉంది. ఎక్కువగా పోసిన ఇథిలీన్‌డయమీన్‌ను చివరి చుక్క వరకూ తీసేయాలి. ఎందుకంటే మిగిలిన ప్రతి అణువూ తర్వాతి రౌండులో కొత్త మొదలుగా మారి, తనకు తాను వేరే చెట్టు మొలిపిస్తుంది. వరి మడిలో ఊద మొలిచినట్టు. టొలుయీన్ తొమ్మిది పాళ్లు, మెథనాల్ ఒక పాలు కలిపి పోసి, రోటరీ ఆవిరి యంత్రం మీద మళ్లీ మళ్లీ లాగితే అది టొలుయీన్‌తో కలిసి పోతుంది.

నేను మూడుసార్లు లాగి ఇక చాలనుకున్నాను. శుక్రవారం సాయంత్రం, ఊరికి పోయే బస్సు ఉంది. రెండు తరాలు అయ్యాక మాస్ స్పెక్ట్రమ్, అంటే అణువుల బరువులు చూపే గ్రాఫు, వచ్చింది. ఒక్క పెద్ద కొండ కనిపించాల్సిన చోట చిన్న చిన్న గుట్టలు వరుసగా ఉన్నాయి. ఆరు వారాల పని సింకులోకి కూడా పోయలేదు, వ్యర్థాల డబ్బాలోకి పోయింది. మా గైడ్ సార్ తిట్టలేదు. కాగితం చూసి "బస్సు దొరికిందా?" అని మాత్రం అడిగారు.

బయటి నుంచి లోపలికి కట్టే పద్ధతి కూడా ఉంది. ముందు కొమ్మలు కట్టుకుని చివర్లో వాటిని మొదలుకు తగిలించడం. హాకర్, ఫ్రెషే 1990లో చూపించారు. అందులో తప్పు అణువులను వేరు చేయడం తేలిక, కానీ పెద్ద తరాలు కట్టడం కష్టం.

అట్లయితే తరాలు పెంచుతూ ఎంత దూరమైనా పోవచ్చా?

పోలేరు. ప్రతి తరానికీ కొసలు రెట్టింపవుతాయి, కానీ బంతి పైన చోటు అంత వేగంగా పెరగదు. పదో తరం దగ్గర 4096 కొసలు భుజం భుజం రాసుకుంటూ నిలబడతాయి, కొత్తవాళ్లకు చోటుండదు. జాతరలో గర్భగుడి ముందు క్యూ లాంటి పరిస్థితి. ఇలా ఒక హద్దు వస్తుందని డి జెన్, హెర్వె 1983లోనే లెక్క వేసి చెప్పారు. మందు పనికి చాలావరకు నాలుగు, ఐదో తరాలే వాడతారు.

ఇంత ఖరీదెందుకు? చవక రకం లేదా?

పోచంపల్లి చీర తెలుసు కదా. నేయకముందే నూలును లెక్కపెట్టి కట్లు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కేసరికి ఏ పోగు మీద ఏ రంగు ఎక్కడ రావాలో ముందే తేలిపోయి ఉంటుంది. పుట్టపాక వాళ్లు పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టి రంగులద్దుతారు, అది ఇంకా కష్టం. డెండ్రిమర్ అలాంటిది. ప్రతి కొమ్మా లెక్క ప్రకారం, ప్రతి అణువూ పక్క అణువులాగే. ఆ శ్రమకే ఖరీదు.

అదే డిజైన్‌ను గుడ్డ మీద ప్రింటు కొడితే చవకగా వస్తుంది, అంచు కొంచెం అటూ ఇటూ అవుతుంది. హైపర్‌బ్రాంచ్డ్ పాలిమర్లు ఆ రకం. అన్నీ ఒకే కుండలో వేసి ఒకేసారి చేస్తారు. కొమ్మలు ఉంటాయి గానీ కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, కొన్ని చోట్ల చీలికే ఉండదు. కొమ్మల పాలిఇథిలీన్‌ఇమీన్, హైపర్‌బ్రాంచ్డ్ పాలిగ్లిసరాల్ ఇలాంటివే. ల్యాబ్‌లో చాలా పనులకు ప్రింటు చీర సరిపోతుంది. మనిషి నరంలోకి ఎక్కించేదైతే మాత్రం ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండాలని అనుమతులిచ్చేవాళ్లు పట్టుబడతారు, అది న్యాయమే.

మందు ఎక్కడ కూర్చుంటది? లోపలా, పైనా?

రెండూ చేయొచ్చు. లోపల కొమ్మల సందుల్లో నీళ్లంటే గిట్టని మందు దూరి కూర్చుంటుంది. ఇది చేయడం తేలిక, కలిపి తిప్పితే సరిపోతుంది. అందుకే మన దగ్గర ప్రాజెక్టుల్లో సగానికి సగం ఇదే చేస్తారు. చిక్కు ఏమిటంటే, శుద్ధమైన నీళ్లలో బుద్ధిగా కూర్చున్న మందు, ఉప్పు నీళ్లు తగలగానే లేచి వెళ్లిపోతుంది. నెత్తురు ఉప్పు నీళ్లే కదా. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందుతో చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి బాగా తేలింది. సందుల్లో దాచింది సెలైన్‌లో వెంటనే బయటికొచ్చింది, కొసలకు రసాయన బంధంతో కట్టింది నిలబడింది.

కొసలకు కడితే ఇంకో ప్రశ్న వస్తుంది. ముడి ఎప్పుడు విప్పాలి? ఇక్కడే తెలివంతా ఉంది. హైడ్రజోన్ ముడి పులుపు తగిలితే విడిపోతుంది. డైసల్ఫైడ్ ముడి గ్లూటాథయోన్ అనే చిన్న అణువు తగిలితే తెగుతుంది. నెత్తుటిలో గ్లూటాథయోన్ చాలా తక్కువ, కణం లోపల వందల నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ. కాబట్టి దారిలో గట్టిగా ఉన్న ముడి ఇల్లు చేరాక తెగుతుంది. ముడి మరీ గట్టిదైతే మందు ఇంటికి చేరినా మూట విప్పలేక అట్లే ఉండిపోతుంది. అట్ల పనికిరాకుండా పోయినవి ఎన్నో.

కణంలోకి ఎట్ల పోతది?

జొన్న రొట్టె తినే తీరు గుర్తు తెచ్చుకోండి. రొట్టె ముక్కను కూర మీద పెట్టి, వేళ్లతో చుట్టూ మడిచి, కూరను లోపల పెట్టుకుని తీస్తాం. కణం చేసేదీ అదే. డెండ్రిమర్ వచ్చి పొర మీద అతుక్కుంటుంది. దాని కొసల్లోని అమీన్లకు ధన విద్యుదావేశం, కణం పొర బయటివైపు ఋణ ఆవేశం, అందుకని అతుక్కుంటాయి. పొర అక్కడ లోపలికి సొట్టపడి, డెండ్రిమర్‌ను చుట్టుకుని, తిత్తిలా తెగి లోపలికి పోతుంది. ఆ తిత్తిని ఎండోసోమ్ అంటారు.

ఇక్కడ ఒక మాట. కూర నోటి దగ్గరికి వచ్చింది గానీ ఇంకా రొట్టెలోనే ఉంది. మందు కణం లోపల ఉంది, కానీ తిత్తిలోనే ఉంది. చాలా ప్రాజెక్టు రిపోర్టులు ఇక్కడే "విజయవంతంగా చేరింది" అని రాసి ముగిస్తాయి.

తిత్తిలోంచి బయటికెట్ల వస్తది?

నన్ను అడిగితే ఈ సబ్జెక్టు మొత్తం ఈ ఒక్క ప్రశ్నే. కణంలోకి పోవడం పెద్ద విషయం కాదు. పోయాక తప్పించుకోవడం పెద్ద విషయం.

తిత్తి లోపలికి పోతున్నకొద్దీ పులుస్తుంది. కణం అందులోకి పులుపు పెంచే ప్రోటాన్లను పంపు చేస్తూనే ఉంటుంది. బయట 7.4 ఉన్న పీహెచ్ (ఇది తగ్గితే పులుపు పెరిగినట్టు) 6కు, 5.5కు దిగుతుంది. చివరికి తిత్తి లైసోసోమ్‌తో కలిసిపోతుంది, అక్కడ 5 లోపే. లైసోసోమ్ అంటే కణం చెత్తకుండీ, ఏది పడినా అరిగించేస్తుంది. అక్కడికి చేరేలోపు మందు బయటపడాలి.

పామామ్ లోపలి నైట్రోజన్లకు ఒక గుణం ఉంది. మామూలు పీహెచ్ దగ్గర అవి ఖాళీగా ఉంటాయి, పులుపు పెరిగితే ప్రోటాన్లను పట్టుకుంటాయి. పంపు చేసిన ప్రోటాన్లను ఇవి మింగేస్తుంటే పులుపు అనుకున్నంత పెరగదు, కణం ఇంకా ఇంకా పంపు చేస్తుంది. ప్రోటాన్ల వెంట క్లోరైడు వస్తుంది, దాని వెంట నీళ్లు వస్తాయి. నానిన శనగలు మూతి కుట్టిన గోనెసంచిని చీల్చినట్టు తిత్తి ఉబ్బి పగులుతుంది. దీనికి ప్రోటాన్ స్పాంజి సిద్ధాంతమని పేరు. జాన్ పాల్ బేర్ బృందం 1995లో పాలిఇథిలీన్‌ఇమీన్ విషయంలో ముందుకు తెచ్చింది.

వినడానికి చక్కగా ఉంది కాబట్టి పాఠ్యపుస్తకాలు దీన్ని వేదంలా రాస్తాయి. నేను కొన్నేళ్లు అట్లే చెప్పాను. కానీ 2013లో తిత్తుల లోపలి పీహెచ్‌ను నేరుగా కొలిచినవాళ్లకు పాలిఇథిలీన్‌ఇమీన్ ఉన్నా లైసోసోమ్ పీహెచ్ పెద్దగా మారలేదని కనిపించింది. ధన ఆవేశం పొరను నేరుగా చింపుతుందనే వాదన కూడా గట్టిదే. వైవాలో అడిగితే రెండూ చెప్పండి. ఒకటే చెప్పి ఆగితే ఎగ్జామినర్ రెండోది అడుగుతాడు.

ఇంకో ఆచరణ సంగతి. మందుకు ఆకుపచ్చగా వెలిగే రంగు కట్టి, కణాలను మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆకుపచ్చ కనిపించగానే సంబరపడొద్దు. ఆ ఆకుపచ్చ ఎట్ల ఉందో చూడండి. చుక్కలు చుక్కలుగా, నువ్వులు చల్లినట్టు ఉంటే మందు ఇంకా తిత్తుల్లోనే ఇరుక్కుని ఉంది. కణమంతా పలచగా పరుచుకుని ఉంటేనే బయటికి వచ్చినట్టు. నా సొంత థీసిస్‌లో ఉన్న ఫొటో నువ్వులదే. ఇప్పుడు దాన్ని స్టూడెంట్లకు ఉదాహరణగా చూపిస్తుంటాను, ఎవరిదో చెప్పకుండా.

విషం కాదా ఇది?

మోతాదును బట్టి, కొసలను బట్టి. పొరకు అతుక్కునే ధన ఆవేశమే పొరను చింపుతుంది కూడా. తలుపు తీసే చెయ్యే గోడ కూలుస్తుంది. ఏడో తరం పామామ్ కొవ్వు పొర మీద 15 నుంచి 40 నానోమీటర్ల రంధ్రాలు చేయడం సూక్ష్మదర్శినిలో చూశారు.

దీన్ని కళ్లారా చూడాలంటే నెత్తురు పరీక్ష చాలు. ఎర్ర రక్తకణాలను కడిగి, ఒక ట్యూబులో అమీన్ కొసల డెండ్రిమర్, ఇంకో ట్యూబులో ఎసిటైల్ చేసిన, అంటే కొసల ఆవేశాన్ని కప్పేసిన, డెండ్రిమర్ కలిపి, కాసేపు వెచ్చగా ఉంచి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. రెండో ట్యూబులో కణాలు అడుగుకు దిగి పైనీళ్లు తేటగా ఉంటాయి. మొదటి ట్యూబులో పైనీళ్లు రూహ్ అఫ్జా కలిపినట్టు ఎర్రగా ఉంటాయి. కణాలు పగిలి హీమోగ్లోబిన్ బయటికొచ్చింది. ఎంత పగిలాయో 540 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ కొలిచి శాతంలో రాస్తారు.

అందుకే కొసలను కప్పుతారు. కొన్నిటికి ఎసిటైల్, కొన్నిటికి పాలిఇథిలీన్ గ్లైకాల్ తొడుగు, కొన్నిచోట్ల అమీన్ల స్థానంలో హైడ్రాక్సిల్. కప్పినకొద్దీ విషం తగ్గుతుంది, దాంతోపాటే అతుక్కునే గుణమూ తగ్గుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఎంత కప్పాలి అన్నదే ఈ రంగంలో పరిశోధకులకు ఇన్నేళ్లుగా జీతం ఇస్తోంది. ఒంట్లో అరగడం ఇంకో సమస్య. పామామ్ అంత తేలిగ్గా ముక్కలవదు. పాలిలైసిన్ డెండ్రిమర్లు అమైనో ఆమ్లాలతో కట్టినవి కాబట్టి మేలు. చిన్న తరాలైతే మూత్రపిండాలే వడగట్టి పంపేస్తాయి.

జబ్బు కణం ఏదో, మంచి కణం ఏదో దానికెట్ల తెలుస్తది?

దానికి తెలియదు. చిరునామా మనం రాయాలి. గర్భిణులకు ఆశా వర్కర్లు ఇచ్చే ఎర్ర మాత్రలో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది కదా. వేగంగా పెరిగే కణాలకు ఫోలిక్ యాసిడ్ ఆకలి ఎక్కువ. కొన్ని క్యాన్సర్ కణాలు దాన్ని పట్టుకునే కొక్కేలను తమ పొర మీద విపరీతంగా పెంచుకుంటాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బేకర్ బృందం ఐదో తరం డెండ్రిమర్ కొసల్లో కొన్నిటికి ఫోలిక్ యాసిడ్, కొన్నిటికి మెథోట్రెక్సేట్ కట్టి, మిగతావాటికి ఎసిటైల్ తొడిగింది. 2005లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఎలుకల్లో అది విడి మందు కంటే బాగా పనిచేసింది, విషమూ తగ్గింది. 128 కొసలు ఉండడం వల్ల వచ్చే లాభం ఇది. ఒకే అణువు మీద చిరునామా, సరుకు, తొడుగు మూడూ పడతాయి.

మరి ఎలుకలకు తగ్గింది మనుషులకెందుకు తగ్గదు?

గడ్డల్లో పెరిగే రక్తనాళాలు నాసిరకం, సందులు ఎక్కువ. అందుకే పెద్ద అణువులు అక్కడ కారి నిలిచిపోతాయని జపాన్‌లో మత్సుమురా, మయేదా 1986లో చెప్పారు. ఈ ఆశ మీదే సగం నానో వైద్యం నడిచింది. ఎలుక గడ్డ రెండు మూడు వారాల్లో బొప్పాయిలా ఎదుగుతుంది, నాళాలు ఇష్టమొచ్చినట్టు పెరుగుతాయి. మనిషి గడ్డ ఏళ్ల తరబడి నిదానంగా పెరుగుతుంది, మనిషికీ మనిషికీ తేడా.

ఎలుకల్లో కూడా లెక్క అంత గొప్పగా లేదు. టొరంటో పరిశోధకులు అంతకుముందు పదేళ్ల ప్రయోగాలన్నీ కలిపి 2016లో చూస్తే, ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. వెయ్యి బయల్దేరితే ఏడు చేరాయి. మిగతావి కాలేయం, ప్లీహం పట్టుకున్నాయి. కొందరు ఈ అంకె చూసి నీరసపడ్డారు. మామూలు మందు చేరేదీ పెద్ద ఎక్కువేం కాదని గుర్తు చేసేవాళ్లూ ఉన్నారు. నేను రెండో జట్టు.

కొవిడ్ టీకాల్లో వాడింది ఇదేనా?

కాదు. ఫైజర్, మోడెర్నా టీకాల్లో వాడినవి కొవ్వు నానో రేణువులు. మన పీహెచ్‌సీల్లో వేసిన కొవిషీల్డ్, కొవాగ్జిన్‌లలో అవి కూడా లేవు. ఒకటి అడినోవైరస్‌తో చేసింది, ఇంకోటి చంపిన వైరస్. అయితే కొవ్వు రేణువులకూ తిత్తి తిప్పలే. వాటితో పంపిన చిన్న ఆర్‌ఎన్‌ఏల్లో తిత్తిలోంచి బయటపడేది ఒకటి రెండు శాతమేనని 2013లో కొలిచి చెప్పారు.

జన్యువులను మోయడానికి డెండ్రిమర్లను 1993లోనే హెన్స్‌లర్, సోకా వాడి చూపించారు. తర్వాత అదే ల్యాబ్‌లో ఒక తమాషా బయటపడింది. వేడి చేసి కొన్ని కొమ్మలు విరిచిన డెండ్రిమర్, నిండు డెండ్రిమర్ కంటే ఎన్నో రెట్లు బాగా పనిచేసింది. కొమ్మలు విరిగితే మిగతావి వదులుగా ఊగుతాయి, డీఎన్‌ఏను పట్టుకోవడానికీ వదలడానికీ వీలుంటుంది. అంత కష్టపడి లెక్క తప్పకుండా కట్టి, చివరికి ఉడకబెట్టి విరిస్తేనే బాగుందంటే కట్టినవాళ్లకు ఎట్లుంటది?

మెదడులోకి పోతదా?

మామూలు మెదడులోకి సరిగా పోదు. వాపు ఉన్న మెదడులోకి హైడ్రాక్సిల్ కొసల నాలుగో తరం పామామ్ పోయి, చిత్రంగా, రెచ్చిపోయి ఉన్న మైక్రోగ్లియా అనే మెదడు కాపలా కణాల్లోనే చేరుతుంది. జాన్స్ హాప్కిన్స్‌లో రంగరామానుజం కణ్ణన్, సుజాత కణ్ణన్ బృందం 2012లో సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా లేని జబ్బు) ఉన్న కుందేలు పిల్లలకు దీని మీద ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు ఎక్కించి ఇస్తే నడక మెరుగైంది. ఆ పని మీద పెట్టిన కంపెనీ పేరు అశ్వత్థ. రావి చెట్టు! కొమ్మల అణువుకు ఇంతకంటే మంచి పేరు మనవాళ్లకు తప్ప ఎవరికి తడుతుంది?

"అన్నా, మా బాపుకు క్యాన్సర్. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో కీమో నడుస్తుంది. ఈ మందు ఎక్కడ దొరుకుతది?"

తమ్ముడూ, దొరకదు. క్యాన్సర్‌కు డెండ్రిమర్ మీద ఎక్కించిన మందులు ఇంకా మనుషుల మీద పరీక్షల దశలోనే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో స్టార్‌ఫార్మా అనే కంపెనీ డోసెటాక్సెల్ అనే కీమో మందును ఇట్ల మోయించి పరీక్షించింది. మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

మోసే బండ్లున్న మందులు వేరే ఉన్నాయి. లైపోసోమ్ అనే కొవ్వు బుడగలో పెట్టిన డాక్సోరూబిసిన్‌కు అమెరికాలో 1995లో, నెత్తుటిలో ఉండే అల్బుమిన్ ప్రోటీన్‌కు కట్టిన పాక్లిటాక్సెల్‌కు 2005లో అనుమతి వచ్చింది. రెండూ మన దేశంలోనూ దొరుకుతాయి. బాపుకు అవి పనికొస్తాయా, ఇప్పుడు ఎక్కించేదే మేలా అన్నది ఆంకాలజీ డాక్టర్‌ను అడుగు. అడగడానికి మొహమాటపడకు, అది మన హక్కు. "నానో" అని డబ్బా మీద రాసి పొడులు, చుక్కలు అమ్మేవాళ్లు వస్తారు. నానో అన్న మాటకు వాళ్ల దగ్గర రేటు తప్ప ఇంకేం ఉండదు. కీమో తేదీ మాత్రం తప్పనీయకండి.

మన ఫ్లోరైడుకు దీంతో ఏమన్నా అయితదా?

మర్రిగూడ, మునుగోడు వైపు ఎక్కడ మాట్లాడినా ఇది అడుగుతారు, అడగాల్సిందే. జవాబు లేదనే. ఫ్లోరోసిస్‌లో ఫ్లోరైడు ఎముక ఖనిజంలో భాగమైపోతుంది. కణంలోకి మందు పంపితే వంగిన ఎముక చక్కబడదు. దానికి మందు నీళ్ల దగ్గరే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే అంటుంది. మన జిల్లా పేరు కెమిస్ట్రీ పుస్తకాల్లోకి ఎక్కిన తీరు ఇది, సంతోషించాలో బాధపడాలో తెలియదు.

అసలు మార్కెట్లోకి ఒక్కటన్నా వచ్చిందా?

వచ్చింది, మోసే బండిగా కాదు, తానే మందుగా. స్టార్‌ఫార్మా వాళ్ల అస్టోడ్రిమర్ అనే పాలిలైసిన్ డెండ్రిమర్‌ను జెల్‌గా చేసి బాక్టీరియల్ వజైనోసిస్‌కు (యోనిలో బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు) ఆస్ట్రేలియా, యూరప్‌లలో అమ్మకానికి తెచ్చారు. దాని కొసలకు ఋణ ఆవేశం. కణంలోకి పోవాల్సిన పని లేదు, బయటే సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. తిత్తి బాధ లేని పని కాబట్టి ముందు గట్టెక్కిందని నా అనుమానం.

ఎం.ఫార్మ్‌కు ఈ టాపిక్ తీసుకోవాల్నా?

మన దేశంలో దీని మీద పని తక్కువేం లేదు. సాగర్ విశ్వవిద్యాలయంలో ఎన్.కె. జైన్ బృందం, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎన్. జయరామన్ బృందం చేసినవి చదివి మొదలుపెట్టండి. తరాలు మీరే కట్టుకోవాలనుకోవద్దు, ఏడాది అందులోనే పోతుంది. నాలుగో తరం కొనండి, కొసలు మార్చండి, నెత్తురు పరీక్ష చేయండి. మందు విడుదల పరీక్షను శుద్ధమైన నీళ్లలో కాకుండా ఉప్పు ఉన్న బఫర్‌లో చేయండి. గ్రాఫు అంత అందంగా రాదు. రానివ్వండి.

కొన్న సీసా ఎక్కడ పెట్టాలి?

మెథనాల్‌లో కరిగించి పంపుతారు, కాబట్టి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, మూత బిగించి. వాడే రోజు కావలసినంత తీసి మెథనాల్‌ను పూర్తిగా ఆవిరి చేసి తూకం వేయండి. తూచాక ట్యూబు తెరిచి పెట్టి టీకి పోవద్దు. అమీన్ కొసలు గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడునూ లాగేసుకుంటాయి, తిరిగొచ్చేసరికి బరువు మారి ఉంటుంది.